నగరపాలక సంస్థలో బయాలజిస్టు ఏం చేస్తారు?

శ్రీకాకుళంలో ఎమ్మెస్సీ జువాలజీ చదివి, విజయనగరంలో వార్డు శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీగా పనిచేస్తున్న మీరు మూడు విషయాలు అడిగారు. పెద్ద నగరాల్లో సీనియర్ ఎన్విరాన్‌మెంటల్ బయాలజిస్టులు రోజంతా ఏం చేస్తారన్నది మొదటిది. ఆ స్థాయికి చేరడానికి పీహెచ్‌డీ కావాలా అన్నది రెండోది. మీ వార్డు పక్కనున్న చెరువులో తొలి వాన కురిసిన మర్నాడు చేపలు చచ్చి తేలితే, ఒకరు విషం కలిపారనీ మరొకరు ఎండ దెబ్బ అనీ చెబుతున్నారు, అసలు కారణాన్ని ఎలా తేల్చాలన్నది మూడోది. నేను ఒక పెద్ద నగరపాలక సంస్థలో బయాలజిస్టుగా చేరి, సీనియర్ హోదాలో పదవీ విరమణ చేసి, ఇప్పుడు విజయనగరంలోనే ఉంటున్నాను. చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. దానికి జవాబు చెబుతూ పోతే మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు అందులోనే వచ్చేస్తుంది.

ఊరి మురుగు చేరే చెరువులో నీరు పచ్చగా ఉందంటే అందులో నాచు విపరీతంగా పెరిగిందని అర్థం. పగటిపూట ఆ నాచు ఎండను వాడుకుని ఆక్సిజన్ విడుదల చేస్తుంది. పొద్దు గుంకిన తరువాత అదే నాచు, బురదలోని బ్యాక్టీరియా, చేపలు అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ పోతాయి కనుక, సూర్యోదయానికి కాస్త ముందు అది కనిష్ఠ స్థాయికి దిగుతుంది. 30 డిగ్రీల వేడిలో గాలి సోకుతున్న మంచినీటిలో నిలవగలిగిన ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు. మధ్యాహ్నం మూడు గంటలకు అంతకు మించి చూపించిన పచ్చని చెరువే తెల్లవారుజామున ఐదు గంటలకు ఒకటి, ఒకటిన్నర దగ్గర నిలవడం మామూలే. ఇక తొలి వాన నాడు మూడు సంగతులు ఒకేసారి జరుగుతాయి. మబ్బు వల్ల ముందు రోజు నాచుకు ఎండ అందదు. వేసవి అంతా కాలువల్లో పేరుకున్న కుళ్లు ఒక్క ఊపున చెరువులోకి కొట్టుకొస్తుంది. చల్లని వాన నీటికి పై పొర చల్లబడి కిందికి దిగడంతో, అప్పటిదాకా అడుగున వేరుగా ఉండిపోయిన ఆక్సిజన్ లేని నీరు, అందులోని హైడ్రోజన్ సల్ఫైడు, అమ్మోనియా పైకి వచ్చి కలుస్తాయి. చేపలు చావడానికి విషం ఎవరూ కలపనక్కరలేదు.

అయితే ప్రతి సందర్భంలోనూ ఇదే కారణమని అనుకోవడం కూడా తప్పే. తేల్చుకోవడానికి ముందుగా చూడవలసింది ఏ చేపలు చచ్చాయన్నది. ఆక్సిజన్ తగ్గిపోతే బొచ్చె, శీలావతి వంటివి, వాటిలోనూ పెద్దవి, ముందు పోతాయి. గాలిని నేరుగా పీల్చగలిగిన కొరమీను, మార్పు, ఇంగిలాయి వంటి చేపలు చాలావరకు బతికి ఉంటాయి. కొరమీనులతో సహా అన్నీ చచ్చి, ఒడ్డున నత్తలు కూడా చచ్చి కనిపిస్తే, పురుగుమందునో, రసాయనాన్నో అనుమానించాలి. రెండోది, చావు ఏ వేళకు కనిపించిందన్నది. తెల్లవారుజామున నీటి పైకి వచ్చి నోళ్లు తెరుచుకున్న చేపలను ఎవరైనా చూశారా అని చెరువు గట్టున బట్టలు ఉతికేవారినీ, వల వేసేవారినీ అడగాలి. వారి మాటకు ప్రయోగశాల నివేదికకు ఉన్నంత విలువ ఉంటుంది. మూడోది, చావు ఎక్కడ మొదలైందన్నది. చెరువంతా ఒకేసారి తేలితే ఒక అర్థం, ఒక కాలువ ముఖద్వారం దగ్గర మొదలై విస్తరిస్తే వేరే అర్థం.

మీ సంగతిలో నమూనా పదకొండు గంటలకు తీశారని, దానిలో ఆక్సిజన్ బాగానే ఉందని నివేదిక వచ్చిందని రాశారు. ఆ నివేదిక అబద్ధం కాదు, కానీ దానివల్ల ఏమీ తేలదు. ఎండెక్కిన తరువాత నాచు మళ్లీ పని మొదలుపెట్టింది. పైగా నమూనాను మామూలు ప్లాస్టిక్ సీసాలో నింపి ప్రయోగశాలకు పంపితే, దారిలోనే అందులోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను తినేస్తాయి లేదా గాలి బుడగ నుంచి కొత్తగా కలుస్తుంది. నీటిలోని ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే వింక్లర్ పద్ధతిలో అయితే గాలి బుడగ లేకుండా గాజు సీసా నింపి, మాంగనీస్ సల్ఫేటు, క్షార అయొడైడు ద్రావణాలను గట్టు మీదే కలిపి ఆక్సిజన్‌ను అక్కడికక్కడే బంధించాలి. మీటరు ఉంటే దానిని ఆ ఉదయమే సరిచూసుకుని నీటిలో ముంచాలి. నా దృష్టిలో సీనియర్ బయాలజిస్టు ఉద్యోగం మొత్తానికి ఇదే కీలకం. పరీక్ష ఎవరైనా చేయగలరు, యంత్రం కూడా చేస్తుంది. ఏ ప్రశ్నకు జవాబు కావాలో ముందే నిర్ణయించుకుని, ఆ జవాబు దొరికే చోట, దొరికే వేళకు నమూనా తీయించి, వచ్చిన అంకెను ఇంజినీరు ఆ సాయంత్రానికల్లా ఒక పనిగా మార్చగలిగేలా రెండు పేరాల్లో రాయడమే ఆ ఉద్యోగం.

తాగునీటి విషయంలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. విజయనగరానికి నెల్లిమర్ల, రామతీర్థం దగ్గర చంపావతి నుంచి నీరు వస్తుంది. శ్రీకాకుళం నాగావళి ఒడ్డున ఉంది. ఇటువంటి ఇసుక నదుల్లో ఊటబావులు వేసి నీరు తోడినప్పుడు, పైనున్న ఇసుక పొరే మొదటి వడపోత యంత్రం. ఇసుక తవ్వకం మీద జరిగే గొడవల్లో ఈ విషయం ఎవరూ ఎత్తరు గానీ, ఊటబావి చుట్టూ ఇసుక పోతే నీటి పరిమాణంతో పాటు నాణ్యత కూడా పోతుంది. అయినా నా అనుభవంలో ఊళ్లలో అతిసారం ప్రబలినప్పుడు తప్పు నది దగ్గర కన్నా పైపు దగ్గర దొరికినదే ఎక్కువ. రోజుకు గంటో రెండు గంటలో నీరు వదిలి ఆపేసే పద్ధతిలో, ఆపిన తరువాత పైపు ఖాళీ అవుతుంది. మురుగుకాలువ గుండా వెళ్లే ఇంటి కనెక్షను పైపుకు చిల్లు ఉంటే, ఆ ఖాళీ బయటి మురుగును లోపలికి లాక్కుంటుంది. మర్నాడు కుళాయి తిప్పగానే మొదట వచ్చేది అదే నీరు. అందువల్ల నమూనాను ఓవర్‌హెడ్ ట్యాంకు కింద తీసి, అంతా బాగుందని రాయడంలో ప్రయోజనం లేదు. సరఫరా లైను చివరి ఇంట్లో, నీరు వదిలిన మొదటి నిమిషాల్లో తీయాలి.

అక్కడ భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మిగులు క్లోరిన్ (శుద్ధి తరువాత నీటిలో ఇంకా మిగిలి ఉండే క్లోరిన్) లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ.కోలై, అంటే మలం కలిసిందని తెలిపే బ్యాక్టీరియా, అసలు కనబడకూడదు. బ్యాక్టీరియా పరీక్షకు ఒకటి రెండు రోజులు పడుతుంది. క్లోరిన్ పరీక్ష రంగు చూసి నిమిషంలో తేలుతుంది. వ్యాధి ప్రబలుతున్న వీధిలో నిమిషంలో తేలే పరీక్షనే మొదట నమ్ముకోవాలి. ట్యాంకు దగ్గర క్లోరిన్ ఉండి, ఒక వీధి చివర లేకపోతే, ఆ రెండింటి మధ్య ఎక్కడో కుళ్లు కలుస్తోందన్న అనుమానంతో ఇంటింటికీ పరీక్షించుకుంటూ వెళితే, తవ్వవలసిన చోటు ఆ పూటే ఇంజినీరుకు చూపించవచ్చు. బ్యాక్టీరియా నమూనా సీసాలో క్లోరిన్‌ను విరిచేసే సోడియం థయోసల్ఫేటు వేయడం మరిచిపోతే, సీసాలో మిగిలిన క్లోరిన్ దారిలో సూక్ష్మజీవులను చంపేసి, పాడైన నీటికి మంచి నివేదిక ఇప్పిస్తుందని కూడా గుర్తుంచుకోండి. 2024 అక్టోబరులో మన జిల్లాలోనే గుర్లలో అతిసారం ప్రబలి మరణాలు సంభవించిన తరువాత, పంచాయతీలు, పురపాలికలు అన్నీ నీటి పరీక్షల మీద పడ్డాయి. ఆ ఉత్సాహం నిలవాలంటే పరీక్షల సంఖ్య కన్నా పరీక్షించే చోటు మీద శ్రద్ధ పెట్టడం మేలు.

కుళాయిలో ఎర్రని పురుగులు వస్తున్నాయని మీకు ఫిర్యాదులు వచ్చే ఉంటాయి. అవి చాలాసార్లు కైరోనోమస్ అనే కుట్టని ఈగ లార్వాలు. వాటి ఒంట్లో హీమోగ్లోబిన్ ఉండటం వల్ల ఎర్రగా కనిపిస్తాయి, అదే కారణంగా ఆక్సిజన్ తక్కువగా ఉన్న బురదలో కూడా బతుకుతాయి. వాటివల్ల నేరుగా రోగం రాదు. కానీ ట్యాంకు మూత సరిగా లేదనీ, అడుగున బురద పేరుకుందనీ అవి చెబుతున్నాయి. జనానికి మొదటి మాట ఒక్కటే చెప్పి పంపేయడం, రెండో మాటను ఫైల్లో రాయకపోవడం చాలా కార్యాలయాల్లో అలవాటు.

దోమల పనికి వస్తే, పురపాలక సంస్థల్లో జీవశాస్త్రం చదివినవారికి పేరు, పోస్టు దొరికే చోటు ఇదే. పెద్ద నగరాల్లో ఎంటమాలజీ (కీటకశాస్త్ర) విభాగాలు ఉండేది కూడా దీనికోసమే. ఉత్తరాంధ్రలో బోదకాలు పాత సమస్య. దానిని మోసే క్యూలెక్స్ దోమ మురుగుకాలువల్లో పెరుగుతుంది. డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై ఇంట్లో దాచుకున్న మంచినీటిలో, సిమెంటు గోలేల్లో, కూలర్లలో, ఫ్రిజ్ వెనక ట్రేలో, పాత టైర్లలో పెరుగుతుంది. దాని గుడ్లు తడి లేకపోయినా గోలెం గోడకు అంటుకుని నెలల తరబడి బతికి ఉంటాయి కనుక, నీరు పారబోయడంతో సరిపెట్టక లోపలి అంచులను గట్టిగా రుద్ది కడగాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి మన వేడిలో వారం, పది రోజులు పడుతుంది. శుక్రవారం నీటి పాత్రలన్నీ ఖాళీ చేసే డ్రై డే అన్నది ఈ లెక్క మీదే వచ్చింది. మందు చల్లేవారు కాలువ మీద మందు చల్లి వెళితే డెంగీ తగ్గదు, ఎందుకంటే ఆ దోమ కాలువలో లేదు.

ఫాగింగు గురించి మొహమాటం లేకుండా చెబుతాను. పొగ ఆ సమయానికి ఎగురుతున్న ఎదిగిన దోమలనే చంపుతుంది, నీటిలోని లార్వాలను తాకదు, ఆ ప్రభావం కూడా ఎక్కువసేపు ఉండదు. కేసులు వచ్చిన ఇంటి చుట్టూ వెంటనే చేస్తే ప్రయోజనం ఉంది. కానీ పొగబండి శబ్దం వీధంతా వినిపిస్తుంది, కార్పొరేటరు పని చేయించినట్టు కనిపిస్తుంది. ఇంటింటికీ వెళ్లి గోలేలు చూసే పని ఎవరికీ కనిపించదు. వంద ఇళ్లలో లార్వాలున్న పాత్రలు ఎన్ని అన్నది, అంటే బ్రెటో సూచికను, వార్డువారీగా వారం వారం సమీక్షలో ముందు పెట్టగలిగితే పొగ పెడితే చాలన్న వాదన చాలావరకు తీరుతుంది, ఎందుకంటే పొగ పెట్టిన వార్డులో కూడా ఆ అంకె కదలకపోవడాన్ని కమిషనరే స్వయంగా చూస్తారు. గంబూసియా చేపల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. 1928లో మన దేశానికి తెచ్చిన ఈ అమెరికా ఖండపు చేప లార్వాలను తింటుంది, దానితో పాటు మన చిన్న చేపల గుడ్లనూ పిల్లలనూ తింటుంది. వాడకంలో లేని బావిలోనో, ఫౌంటెన్లోనో వదలవచ్చు. గెడ్డలతో (వాగులతో) కలిసే చెరువులో వదలడానికి నేను సంతకం పెట్టేవాడిని కాదు.

ఆఫీసుకు వచ్చే కంపెనీ ప్రతినిధులతో వ్యవహరించడం సీనియర్ ఉద్యోగంలో పెద్ద భాగమే అవుతుంది. ఫలానా ద్రావణం పోస్తే అందులోని సూక్ష్మజీవులు నెలలో చెరువును శుభ్రం చేస్తాయని ఒకరు, గుర్రపుడెక్కను ఒకేసారి తీసేస్తామని ఇంకొకరు వస్తారు. మురుగు చేరుతూ ఉండగా చెరువులో ఏ ద్రావణం పోసినా, చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. గుర్రపుడెక్క అసలు కారణం కాదు, నీటిలో నైట్రోజన్, ఫాస్ఫరస్ ఎక్కువగా ఉన్నాయనడానికి ఆనవాలు. దానిని పూత పట్టకముందే తీయాలి, ఎందుకంటే విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటాయి. తీసినదాన్ని గట్టు మీదే కుప్ప పోస్తే, అది కుళ్లి ఆ పోషకాలే తిరిగి నీటిలోకి చేరతాయి. టెండరు షరతుల్లో ఎంత విస్తీర్ణం తీశారన్నదానికి కాకుండా, ఎన్ని టన్నులు చెరువు పరీవాహకం దాటి బయటికి చేర్చారన్నదానికి డబ్బు చెల్లించేలా రాయించడం బయాలజిస్టు పనే. పైడితల్లి అమ్మవారి తెప్పోత్సవం జరిగే పెద్దచెరువు వంటి చోట పండుగ ముందు హడావిడిగా పైపైన తీయించే ఒత్తిడి ఎలాగూ ఉంటుంది. ఆ పనిని ఏటా వేసవిలోనే మొదలుపెట్టించే ప్రణాళికను బడ్జెటు సమయానికి ఫైల్లో పెట్టాలి. బ్లీచింగు పౌడరు కొనుగోలులో కూడా ఇలాంటి శ్రద్ధే కావాలి. అందులో 30 శాతానికి పైగా ఉండవలసిన క్లోరిన్ తడి గోడౌనులో నెలల్లోనే ఎగిరిపోతుంది. బస్తా వచ్చిన రోజు ఒకసారి, వాడే ముందు మరొకసారి పరీక్ష చేయించకపోతే, కాలువల పక్కన చల్లేది సున్నమే అవుతుంది.

చట్టం కొంత చదవక తప్పదు, కానీ అన్నీ అక్కరలేదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పర్యావరణ పరిరక్షణ పురపాలక సంస్థల పనుల్లో ఒకటిగా ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. చాలాచోట్ల ఈ రిజిస్టరు కాగితానికే పరిమితమైంది గానీ, సరిగా రాస్తే మీ వార్డు చెట్లకు, చెరువులకు అదే మొదటి ఆధారం. చెరువుల విషయంలో చాలామంది 2017 నాటి చిత్తడి నేలల నియమాలను ఉదహరిస్తారు. తాగునీటికో, సాగుకో ప్రత్యేకంగా మనుషులు తవ్వించిన చెరువులు ఆ నిర్వచనంలోకి రావు. మన ఉత్తరాంధ్ర ఊరి చెరువుల్లో అధికభాగం ఇలాంటివే కనుక, కబ్జా కేసులో ఆ నియమాల మీద ఆధారపడితే వాదన నిలవదు; రెవెన్యూ రికార్డులు, మునిసిపల్ చట్టం మీద నిలబడాలి. ఏదైనా ఫ్యాక్టరీ మీద అనుమానం వచ్చినప్పుడు మీరు తీసిన నమూనా విషయం తెలుసుకోవడానికి పనికొస్తుంది గానీ కోర్టులో సాక్ష్యంగా నిలవదు. 1974 నాటి జల కాలుష్య చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి, యజమాని సమక్షంలో రెండు భాగాలు చేసి, సీలు వేసి తీసిన నమూనానే చెల్లుతుంది. కనుక వెంటనే కాలుష్య నియంత్రణ మండలి అధికారులను పిలవాలి.

చెట్ల గురించి ఎక్కువ రాయను. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన వైపు ఎన్ని చెట్లు కూలాయో చూసినవారికి, త్వరగా పెరుగుతుందన్న ఒక్క కారణంతో కోనోకార్పస్ వంటి మొక్కలను రోడ్ల పక్కన వరుసగా నాటించడం అర్థం కాదు. కానుగ, నేరేడు, పొగడ, వేప ఉండగా అది ఎందుకని అడగండి, మొదలు చుట్టూ సిమెంటు పోయకుండా చూడండి.

ఇక పీహెచ్‌డీ. పురపాలక సంస్థలో పనికి అది తప్పనిసరి కాదు. విశ్వవిద్యాలయాలకు, పరిశోధన సంస్థలకు వెళ్లే ఉద్దేశం ఉంటే చేయండి. మీ ఎమ్మెస్సీకి తోడు కీటకశాస్త్రంలో శిక్షణ ఉంటే అవకాశాలు పెరుగుతాయి. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీలో ఎమ్మెస్సీ నడుపుతోంది. అంతకన్నా ముఖ్యంగా నేర్చుకోవలసినవి రెండున్నాయి. నీటిలోని సూక్ష్మజీవులను, లార్వాలను సూక్ష్మదర్శినిలో చూసి పేరు చెప్పగలగడం ఒకటి. ఇది పుస్తకంతో రాదు, ఒకే చెరువు నీటిని ఏడాది పొడవునా చూస్తే వస్తుంది. తెలుగులో చక్కని ఆఫీసు నోట్ రాయడం రెండోది. ఆక్సిజన్ 1.2 అని రాస్తే కమిషనరుకు ఏమీ తెలియదు. రేపు ఉదయానికి చేపలు తేలే అవకాశం ఉంది, ఈ రాత్రికి ఫలానా కాలువను చెరువులోకి రాకుండా మళ్లించాలి అని రాస్తే ఫోను చేస్తారు.

సీనియర్ అయ్యాక ప్రయోగశాలలో గడిపే సమయం తగ్గిపోతుందని ముందే తెలుసుకోండి. ఉదయం ఫీల్డు, తరువాత సమీక్ష సమావేశం, మధ్యాహ్నం ఫైళ్లు, టెండరు కమిటీ, సాయంత్రం ఏదో ఒక పత్రికా విలేకరి. సూక్ష్మదర్శిని మీద మమకారం ఉన్నవారికి ఇది కొంత బాధ కలిగిస్తుంది, నాకూ కలిగించింది. మీ ప్రస్తుత పోస్టును తక్కువగా అనుకోకండి. ఒక వార్డులో ఏ కాలువ ఎక్కడ కలుస్తుందో నడిచి తెలుసుకున్నవారు, ఆ సంగతి తెలియని పీహెచ్‌డీ కన్నా నాకు ఎక్కువ పనికొచ్చారు.

చిన్న నగరపాలక సంస్థల్లో బయాలజిస్టు పోస్టులు అరుదు. ఎక్కడైనా వచ్చినా, చాలావరకు కాంట్రాక్టు పద్ధతిలోనో, ఔట్‌సోర్సింగులోనో వస్తాయి. అలాంటి దానిలో చేరేటప్పుడు జీతంతో పాటు, ప్రయోగశాల ఎవరి పరిధిలో ఉంది, నమూనాల కోసం మీకు సహాయకుడు ఉంటాడా, వాహనం ఏ విభాగం చేతిలో ఉంది అన్నవి కూడా అడగండి. వాహనం ఉదయం ఏడింటికి చెత్త తూకానికి వెళ్లేదైతే, ఐదింటికి చెరువు గట్టుకు మీరు ఆటోలోనే వెళ్లవలసి వస్తుంది. ఆ ఖర్చును ఏ పద్దు కింద రాయాలో చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకుని ఉంచుకోండి.